సరిగ్గా రెండు గంటలకు

ఉదయం 9.20. ఆసుపత్రి సర్వర్ రూమ్‌లో డిస్క్ చచ్చిపోయింది. దాంతోపాటే పదకొండు నెలల స్కాన్ చిత్రాలూ పోయాయి.

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కాపీ తీస్తారు. ఆ కాపీలు తెరిచి చూస్తే అన్నీ మధ్యలోనే తెగి ఉన్నాయి.

ఆ వేళకు గదిలో ఉండేది ఆపరేటర్ ఒక్కతే. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఎవరి మీదా గొంతెత్తి ఎరగదు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి కదా, నేరం ఆమె నెత్తిన పడింది. డిస్మిస్ ఆర్డరు టైపయింది. నాలుగింటికి రికార్డుల ఆఫీసరు సంతకం పెడతాడు.

3.10కి సైబర్ ఇన్‌స్పెక్టర్ ముగ్గురిని కూర్చోబెట్టాడు. ఆపరేటర్, ఆఫీసరు, ఆటోమేషన్ ఇంజనీరు. కాపీ పని బ్యాక్‌గ్రౌండ్‌లో దానంతటదే నడిచేలా సెట్ చేసింది ఇంజనీరే. ఆపరేటర్‌కు సొంత తమ్ముడు. ఆమె జీతంతో చదువుకున్నవాడు.

"కాపీ మధ్యలో మీరే ఆపారా?"

"లేదు సార్. తెర మీద పచ్చగా ఉందో లేదో చూసి అన్నం తినేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు వైపు తిరిగాడు.

"కాపీకి టైమ్ లిమిట్ ఎంత?"

"నాలుగు గంటలు సార్."

"దాటితే?"

"సాఫ్ట్‌వేరే ఆపేస్తుంది."

"పూర్తయిందో లేదో ఎవరు చూస్తారు?"

తమ్ముడు కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు.

"ఎవరూ చూడరు. మొదలుపెట్టి వదిలెయ్యమని సెట్ చేశావు. మొదలైతే చాలు, తెర పచ్చబడుతుంది. అవునా?"

"అవును సార్."

ఇన్‌స్పెక్టర్ లాగ్ కాగితాలు ఆఫీసరు ముందుకు తోశాడు.

"ఆగిన టైమ్ చూడండి. రోజూ 2:00:00. ఒక్క సెకను తేడా లేదు. మనిషి చెయ్యి ఇలా ఆపగలదా? ఈమె సెలవు పెట్టిన రోజుల్లోనూ అంతే."

"లిమిట్ నాలుగు గంటలన్నాడుగా?"

"ఇప్పుడు నాలుగు. నిన్నటిదాకా ఒక్క గంటే. మొదట్లో కాపీ నలభై నిమిషాల్లో అయ్యేది. చిత్రాలు పెరిగేసరికి గంట చాల్లేదు. కొత్తవాటి వంతు రాకముందే తెగిపోయేది. ఈ ఉదయం 9.40కి ఇతని లాగిన్‌తోనే లిమిట్ మారింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. కాలింది మాత్రం అక్క చేతులు."

ఆఫీసరు ఆర్డరు చింపేశాడు. పొరపాటైందన్న ఒక్క మాట అతని నోట రాలేదు.

ఆమె తమ్ముణ్ణి చూసింది.

"పొద్దుట్నుంచి అందరూ నన్ను దొంగని చూసినట్టు చూస్తుంటే పక్కనే ఉన్నావు. తెలిసే ఊరుకున్నావా?"

"అక్కవి కదా, ఓర్చుకుంటావనుకున్నా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కుర్చీ ఇన్‌స్పెక్టర్ వైపు జరుపుకుంది.

"నా స్టేట్‌మెంట్ రాసుకోండి సార్. ఇతనికీ నాకూ బంధుత్వం అన్నచోట, ఏమీ లేదని రాయండి."