మూడు రోజుల సేవ

శవం పాడుబడ్డ బావిలో దొరికింది. గురువారం పొద్దున కంప కొట్టుకుందామని పోయిన ఒక రైతు చూశాడు.

ఊరికి ఎడంగా ఉన్న, నీళ్ళు లేని బావి. గోడ ఎప్పుడో కూలిపోయింది. పైన ముళ్ళకంప కమ్ముకుని ఉంది. లోపల పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. ఒంటి మీద ఆకుపచ్చ టీషర్టు. దాని వీపు మీద 'సమాజమే మన బడి' అని పెద్ద అక్షరాలు.

ఆ పల్లె పేరు మల్లెలగుంట. చిత్తూరు దాటి తమిళనాడు బోర్డరు వైపు పోతే వస్తుంది. తిరుపతిలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫస్టియర్ పిల్లల్ని అక్కడికి తోలుకొచ్చింది. ఓరియెంటేషన్‌లో భాగంగా సేవా శిబిరం. సోమ, మంగళ, బుధ. మరుగుదొడ్ల మీద అవగాహన. అవగాహన అంటే ఏముంది? బ్యానరు పట్టుకోవాలి, చీపురు పట్టుకోవాలి, ఫోటో దిగాలి. అయిపోయింది, ఊరు బాగుపడింది.

జేబులో ఐడీ కార్డు ఉంది. మునిశేఖర్. పుంగనూరు దగ్గర టమాటా రైతు కొడుకు. కాలేజీలో చేరి వారమే అయింది. హాస్టల్లో సీటు దొరక్క, అద్దెగదిలో ఒక్కడే ఉంటున్నాడు.

ఇన్‌స్పెక్టర్ పద్మాక్షి బావి అంచున గొంతుక్కూర్చుని టార్చి వేసింది. లోపలి మట్టిగోడ మీద గీతలు. నిలువుగా, చాలా.

"గోవిందూ, వాడి చేతులు చూడు."

కానిస్టేబుల్ గోవిందు తాడు పట్టుకుని దిగాడు. కాసేపటికి కింద నుంచి గొంతు వచ్చింది.

"గోళ్ళు లేచిపోయినాయి మేడం."

తిరుపతి నుంచి కారులో వచ్చిన లెక్చరర్ చక్రధర్ పక్కనే నిలబడి ఉన్నాడు. శిబిరం బాధ్యుడు ఆయనే. తెల్లచొక్కా. చేతిలో రుమాలు.

"నిన్న సాయంత్రం దాకా మాతోనే ఉన్నాడు మేడం. ముగింపు ఫోటోలో కూడా ఉన్నాడు. బస్సెక్కే ముందు ఎటో వెళ్ళుంటాడు. పాపం, పడగానే ప్రాణం పోయుంటుంది. బాధ తెలిసుండదు."

"బస్సులో తలలు లెక్కపెట్టలేదా?"

"అందరూ కొత్త పిల్లలు. ఎవరు ఎవరో మాకే తెలీదు."

"వాళ్ళకు మీరు ఎవరో తెలుసుగా?"

ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం చిత్తూరులో పోస్ట్‌మార్టం అయింది. డాక్టర్ అమల గ్లౌజులు తీసేస్తూ బయటికి వచ్చింది.

"కుడి తొడ ఎముక విరిగింది. తలకు దెబ్బ లేదు. ఆ వాపు, ఆ కమిలిన రంగు ఒక్క రాత్రిలో వచ్చేవి కావు. దెబ్బ తగిలి రెండు రోజులు దాటింది. ఒళ్ళంతా నీరు లేక ఎండిపోయింది."

"ప్రాణం ఎప్పుడు పోయింది?"

"బుధవారం రాత్రి."

"పడింది?"

"సోమవారం."

"బుధవారం ఫోటోలో రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడంటున్నారమ్మా!"

"ఫోటో సంగతి మీరు చూసుకోండి. ఈ కాలుతో మాత్రం వాడు నిలబడలేడు."

వరండాలో గంగాధరం గోడకు ఆనుకుని ఉన్నాడు. కుర్రాడి నాయన. పద్మాక్షిని చూడగానే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పడంగానే పోయినాడంట గదా మేడం? సారు చెప్పినాడు. ఆ ఒక్క మాటే ఫోన్లో వాళ్ళమ్మ కుప్పమ్మకు చెప్పినా. అది ఇన్నాకనే రోంత కుదుటబడింది. వాడు ఏమీ అగసాట్లు పడలేదు గదా?"

రిపోర్టు ఇంకా రావాలి అని పద్మాక్షి ఏదో అనేసి జీపెక్కింది.

జీపులో గోవిందు తన ఫోన్ అందించాడు. కాలేజీ పంపిన ఫోటోలు. మొత్తం మూడు. మూడు బ్యానర్లు. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు. ప్రతి ఫోటో కింద ఊరి పేరు, తేదీ, టైము ముద్రపడి ఉన్నాయి. ఒకదాంట్లో పిల్లల చేతుల్లో చీపుళ్ళు. ఇంకోదాంట్లో మొక్కలు. చివరిదాంట్లో పిడికిళ్ళు బిగించి ప్రతిజ్ఞ. మూడింట్లోనూ చివరి వరసలో, మెడ సాచి, మునిశేఖర్.

ఆమె వేలితో ఫోటోను పెద్దది చేసింది. చిన్నది చేసింది. మళ్ళీ పెద్దది చేసింది.

"ఛీ!" అంది.

"ఏమైంది మేడం?"

"బండి వెనక్కి తిప్పు. మల్లెలగుంటకు పోదాం."

శుక్రవారం పొద్దున ప్రిన్సిపాల్ రఘునాథ్ గది. ఏసీ చల్లగా ఆడుతోంది. గోడకు పెద్ద టీవీ. చక్రధర్ సోఫాలో కూర్చున్నాడు. గంగాధరం తలుపు దగ్గర నిలబడ్డాడు. రమ్మన్నా లోపలికి రాలేదు. గోవిందు పక్కన కుర్చీలో మల్లెలగుంట దేవకమ్మ. నిన్న సాయంత్రం పద్మాక్షి మాట్లాడి వచ్చింది ఈమెతోనే. ఇక్కడికి ఎందుకు తెచ్చారో ఆమెకు సగమే తెలుసు.

"త్వరగా కానివ్వండి మేడం," అన్నాడు ప్రిన్సిపాల్. "వచ్చేవారం మాకు తనిఖీ బృందం వస్తోంది."

"కానిస్తాను సార్. చక్రధర్ గారూ, ఈ మూడు ఫోటోలూ మూడు రోజులు తీసినవేనా?"

"అవును మేడం. తేదీ కిందే ఉంది కదా."

"ఫోన్లో తేదీ మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"



గోవిందు మూడు ఫోటోలనూ పక్కపక్కన టీవీలో వేశాడు.

"అందరూ బ్యానరు చూశారు. తేదీ చూశారు. మొహాలు చూశారు," అంది పద్మాక్షి. "ఇప్పుడు పిల్లల కాళ్ళ దగ్గర చూడండి."

పిల్లలు నిలబడింది ఒక ఇంటి ముందు. ఆ వాకిట్లో తామరపువ్వు ముగ్గు. ఎడమ పక్క ఒక రేకు టైరు తొక్కి చెరిగిపోయింది. సోమవారం ఫోటోలో ఆ ముగ్గే. మంగళవారం ఆ ముగ్గే. బుధవారం ఆ ముగ్గే. చెరిగిన రేకు కూడా అదే.

"పెయింటుతో వేసిన ముగ్గేమో మేడం."

"పెయింటు టైరుకు చెరిగిపోతుందా సార్? మీ ఇంట్లో వాకిలి ఎవరు ఊడుస్తారు? ఏ రోజు ముగ్గు ఆ రోజుదే. పొద్దున లేస్తూనే చిమ్మి, కళ్ళాపి చల్లి, కొత్తది వేస్తారు. ఆ వాకిలి దాటే కదా మీరు రోజూ కాలేజీకి వస్తారు!"

దేవకమ్మ వైపు తిరిగింది.

"చెప్పమ్మా. ఈ ముగ్గు ఎప్పటిది?"

"సోమారందే. నేనే ఏసినా. మా మరిది ట్రాక్టరు తొక్కిచ్చె. మంగళారం సుక్కల ముగ్గు ఏసినా."

"మంగళవారం ఈ పిల్లలు వచ్చారా?"

"యాడొచ్చినారు? సోమారం పొద్దన బ్యానర్లు మార్చి మార్చి ఫోటోలు దిగిరి. పొట్లాలు తినిరి. మద్యాన్నమే బస్సెక్కి పాయిరి."

"నిన్న పొద్దున మా వాళ్ళు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"వచ్చినారా అంటే వచ్చినారంటిమి. ఎన్నాళ్ళుండారని ఎవురడిగినారు?"

గోవిందు తల దించుకున్నాడు. అడిగింది అతనే.

చక్రధర్ గొంతు తగ్గింది. "పిల్లలకు కూడా మూడు రోజులు ఎండలో కష్టమే కదా మేడం. రెండు రోజులు సెలవు అనేసరికి ఎగిరి గంతేశారు. గురువారం దాకా ఎవరితోనూ అనొద్దన్నాను. అంతే."

"సోమవారం ఆ ఊరి బడిలో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. అందుకే వాడు కంపల్లోకి పోయాడు. మరుగుదొడ్ల మీద అవగాహన కల్పించడానికి వచ్చి!" పద్మాక్షి ఆగింది. "శిబిరంలో ఫోన్లు వద్దని పిల్లల ఫోన్లన్నీ అట్టపెట్టెలో వేయించారు. తిరుపతిలో బస్సు దిగినప్పుడు తిరిగిచ్చారు. ఎన్ని మిగిలాయి?"



"ఒకటి."

"ఎవరిదని అడిగారా?"

"రేపు వచ్చి తీసుకుంటారులే అనుకున్నా."

"మంగళవారం రాలేదు. బుధవారం రాలేదు. ఈ కాలం పిల్లాడు రెండు రోజులు ఫోన్ లేకుండా ఉంటాడా? మీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది మేడం. వెతికితే శిబిరం సంగతి బయటపడుతుందని..."

"ఫోన్ మోగలేదా?"

"మోగింది. సోమవారం రాత్రి. 'అమ్మ' అని పడింది. ఆఫ్ చేసి సొరుగులో పెట్టాను."

పద్మాక్షి కుర్చీలోంచి లేచింది. కొట్టేస్తుందేమోనని గోవిందు రెండడుగులు ముందుకు వేశాడు.

"ఎత్తుంటే మంగళవారం పొద్దునకి బావిలోంచి తీసేవాళ్ళం. విరిగిన కాలికి కట్టు కట్టించుకుని ఇంట్లో ఉండేవాడు. నువ్వు తోయలేదయ్యా. అరుస్తున్నవాణ్ణి వదిలేసి, వాడు ఫోటోలో నవ్వుతున్నాడని మాకు చూపించావు."

"మేడం."

తలుపు దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. గంగాధరం.

"అంటే పడంగానే పోలేదా?"

"లేదు గంగాధరం గారూ. రెండు రోజులు బతికే ఉన్నాడు."

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"అది రాయొద్దు తల్లీ. పడంగానే పోయినాడనే రాసేయండి. రెండు దినాలు వాడు అరిసినాడని తెలిస్తే కుప్పమ్మ బతకదు. నాకు ఏ కేసూ వద్దు."

ప్రిన్సిపాల్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన మొహంలో మళ్ళీ రక్తం ఆడింది.

"చూశారా మేడం, కన్నతండ్రే వద్దంటున్నాడు. మనమెందుకు ఆ కుటుంబాన్ని ఇంకా బాధపెట్టడం? ప్రమాదం అని రాసేస్తే అందరికీ మంచిది. కాలేజీ కూడా వాళ్ళను ఆదుకుంటుంది."

గంగాధరం దండం దించాడు. ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు.

"నేను అడిగింది నా పెండ్లాం కోసరం. నువ్వెందుకు సామీ సంబరపడతాండావు?"

గంగాధరం మళ్ళీ పద్మాక్షి వైపు తిరిగాడు.

"రాయండి మేడం," అన్నాడు. "రెండు దినాలనీ రాయండి. ఫోన్ ఆపేసినాడనీ రాయండి. ఒక్క అచ్చరం ఇడిసిపెట్టొద్దు."

"మరి ఇంట్లో..."

"పేపరోళ్ళు చెప్పకముందే నేనే చెప్తా."

వరండాలోకి పోయి నేల మీద కూలబడ్డాడు. ఇంటికి ఫోన్ కలిపాడు. అవతల ఎత్తారు. అవతలి గొంతు మళ్ళీ మళ్ళీ పిలుస్తోంది.

"కుప్పమ్మా," అన్నాడు చివరికి. "నిన్న నేను నీకు చెప్పింది నిజం గాదు."