బాణం ఎటుందో చూశారా

నాకు ప్రేమకథలు చెప్పే వయసు కాదు. ఓపిక అంతకన్నా లేదు. పేపరు మిల్లులో డ్రయర్ల దగ్గర పనిచేసేవాడికి ఇల్లు చేరేసరికి సగం ప్రాణం ఆవిరైపోయి ఉంటుంది. మిగిలిన సగం నా భార్య తమ్ముడికి సరిపోయింది. వాడిదీ అదే మిల్లు, అదే మిషను, నాకు ముందుండే ప్రెస్సు. ఉండేది మా ఇంట్లోనే. బామ్మర్ది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అంటారు. మావాడు నా బతుకు కోరాడో లేదో గానీ నా నిద్ర మాత్రం కోరలేదు.

ముందు మిషను సంగతి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే వాడి పిచ్చి మీకు అర్థం కాదు. పేపరు పుట్టేటప్పుడు పేపరు కాదు, గుజ్జు కలిపిన నీళ్ళు. ఆ నీళ్ళు కాస్త కారాక తడితడిగా ప్రెస్సులోకొస్తుంది. అక్కడ దాన్ని ఒక దళసరి బెల్టు మోస్తుంది. దాని పేరు ఫెల్టు. కంబళిలా ఉంటుంది, మా ఇంటి హాలు కన్నా వెడల్పు. రెండు రోలర్ల మధ్య నలుగుతూ పేపర్లో నీళ్ళన్నీ తాను తాగుతుంది. తిరిగి తిరిగి అరిగిపోయాక తీసేసి కొత్తది వేస్తాం. దాని గురించి ఎవరూ పాటలు కట్టరు. మా బతుకూ అంతే.

ఆ రోజు మిషను ఆపి కొత్త ఫెల్టు ఎక్కిస్తున్నాం. మిషను ఆగితేనే మాకు వాన వినబడుతుంది. రేకుల మీద దబదబా కురుస్తోంది. పొద్దున్నుంచి లాగి లాగి అందరి చేతులూ పడిపోయాయి. ఇక రెండు కొసలూ కలిపేస్తే అయిపోతుందనగా వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఆగండి. బాణం ఎటుందో చూశారా?"

తలుపు దగ్గర ఒకమ్మాయి. హెల్మెట్ మీంచి నీళ్ళు కారుతున్నాయి. భుజాన బరువైన సంచి, కళ్ళ కింద నలుపు. ఫెల్టు కంపెనీ పంపిన సర్వీసు ఇంజనీరు.

"పొద్దున్నుంచి దీంతో కుస్తీ పడుతున్నాం మేడం," అన్నాడు మావాడు. "ఇప్పుడొచ్చి బాణాలంటారేంటి?"

"బస్సు చెడిపోతే నడిచొచ్చాను. బాణం ఎటుంది?"

ఫెల్టు అంచున బాణం గుర్తు ఉంటుంది, ఎటు తిరగాలో చెప్పడానికి. ఎదురు తిప్పితే జాయింటు మీదున్న పొర లేచిపోయి ఫెల్టు తొందరగా పోతుంది. మావాడు వంగి చూశాడు. బాణం శుభ్రంగా తప్పు దిక్కుకి చూస్తోంది.

"పోయిన ఫెల్టు తొందరగా పోయిందని మా మీద కంప్లయింట్ పెట్టారు కదా," అందామె. "అప్పుడూ ఇలాగే వేశారా?"

మావాడు నావైపు చూశాడు. నేను టీ గ్లాసులోకి చూశాను.

"మొత్తం తీసి తిప్పాలి," అందామె మెల్లగా. "సారీ. నాక్కూడా కూర్చోవాలనే ఉంది."

కసురుకుని ఉంటే మావాడు రెండు మాటలు అప్పజెప్పి మర్చిపోయేవాడు. ఆమె సారీ చెప్పింది. వాడు అక్కడ పడ్డాడు.

తీసి, తిప్పి, మళ్ళీ ఎక్కించాం. రెండు కొసలూ కలపడం వేరే తపస్సు. కొసల నిండా సన్నసన్నని ఉచ్చులుంటాయి. ఇటువి అటువాటి మధ్య దూర్చి, లోపల నుంచి పొడుగాటి తీగ ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరికి పోనివ్వాలి. ఒకరు తోయాలి, ఒకరు అందుకోవాలి. ఆమె తోస్తోంది, వాడు అందుకుంటున్నాడు.

"రావట్లేదు మేడం."

"వస్తుంది. లాగకండి."

"నేనెక్కడ లాగుతున్నాను?"

"లాగుతున్నారు. నా చేతికి తెలుస్తోంది."

ఆ మాటతో మావాడి చేతులు వెన్నపూసైపోయాయి.

"మీరెప్పుడూ ఇంత ఓపిగ్గా ఉంటారా?" అన్నాడు తీగ అందుకుంటూ.

"ఓపిక కాదండీ, నీరసం. కోప్పడాలంటే బలం ఉండాలి కదా."

మావాడు నవ్వాడు. పొద్దున్నుంచి ఎవరైనా నవ్వడం అదే మొదలు.

కొత్త ఫెల్టు కొత్తలో మొండికేస్తుంది. నీళ్ళు సరిగ్గా తాగదు, కాస్త నలిగి అలవాటు పడాలి. అది దారిలో పడేదాకా ఆమె మిల్లులోనే ఉంది. ఒక మధ్యాహ్నం మా కంట్రోల్ రూములో కుర్చీలో కూర్చుని, చేతిలో బిస్కెట్ అలాగే ఉండగా నిద్రపోయింది.

మిషను హోరులో ఏమీ వినబడదు కాబట్టి మిల్లులో మాకు చేతి సైగలున్నాయి. ఆవిరి పెంచడానికో సైగ, పేపరు తెగిందంటే ఇంకోటి. అవి బయట మిషను దగ్గర వాడేవి. కంట్రోల్ రూము అద్దాల గది, అందులో మామూలుగానే మాట్లాడుకుంటాం. ఆ రోజు నేను తలుపు తోసుకుని "ఒరేయ్, టీ వచ్చిందా?" అనబోతే మావాడు నోటి మీద వేలేసి సైగ చేశాడు. చూద్దును కదా, గదిలో ఉన్న మగాళ్ళంతా మూగవాళ్ళయిపోయి సైగలతో పని నడిపిస్తున్నారు. వాడి కట్టడి. ఆమె లేచేదాకా ఆ గదిలో ఒక్క మాట పుట్టలేదు. నేను కూడా టీ సైగతోనే అడిగి తాగాను.

ఫెల్టు కుదురుకుంది. ఆమె వెళ్ళిపోయింది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది.

ఫెల్టు బాగుంటే ఆమె రాదు. బాగాలేకపోతే వస్తుంది. ఇంత చిన్న లెక్క మావాడి బుర్రకు తట్టింది. మిల్లుకిచ్చిన కంపెనీ నంబరుకి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఆ నంబరు ఆమె దగ్గరే మోగుతుంది.

ఫెల్టుకి అడ్డంగా నీలం గీత ఒకటుంటుంది. అది తిన్నగా తిరుగుతుంటే అంతా క్షేమం.

"మేడం, గీత కొంచెం వంగినట్టుంది."

"ఎటు వంగింది?"

"అదే... చూసే కోణాన్ని బట్టి ఉంది మేడం."

నేను పక్కనే ఉన్నాను. గీత స్కేలు పెట్టి గీసినట్టుంది.

రెండుసార్లు పాపం ఆ పిల్ల బస్సులు మారి వచ్చింది. మీటరు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి తడి కొలిచింది. ఏమీ లేదు.

"బాగానే ఉందిగా," అంది.

"మిమ్మల్ని చూడగానే సర్దుకుంది మేడం. డాక్టరొస్తే జ్వరం తగ్గినట్టు."

ఆమె నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. మావాడు మాత్రం ఆ నవ్వు ఇంటికి పట్టుకొచ్చి అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"తమ్ముడికి ఏమైందండీ?" అంది నా భార్య.

"గీత వంగింది," అన్నాను.

తర్వాత ఒకరోజు మేనేజరు మీటింగు పెట్టాడు. ప్రెస్సు తరఫున మావాణ్ణి, డ్రయర్ల తరఫున నన్ను, కంపెనీ తరఫున ఆమెను పిలిచాడు. మేం వెళ్ళేసరికి ఆమె వరండాలో గోడకానుకుని నిలబడి ఉంది.

"మిమ్మల్ని ఒకటి అడగాలి," అంది మావాడితో. "మీరు చేసిన ప్రతి ఫోనూ మా కంపెనీలో కంప్లయింట్ కింద లెక్క. ఇంకే మిల్లు నుంచీ ఇన్ని లేవు. మీవాళ్ళు మా ఫెల్టు మానేస్తారట. మావాళ్ళు నన్ను తిరిగే పని నుంచి తీసేసి మూల కూర్చోబెడతారట. ఇన్నేళ్ళు బస్సుల్లో తిరిగి నేర్చుకున్న పని ఇది. నా ఫెల్టులో లోపమేంటి? లేదంటే నేను మీకేం చేశాను?"

వాడికి తెలియదు. వాడు కబురనుకున్నది అక్కడ కంప్లయింట్‌గా చేరుతోంది.

"గట్టిగా తిడదామనే వచ్చాను," అందామె. "ఓపిక లేదు." లోపలికి వెళ్ళిపోయింది.

మేనేజరు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. మావాడికేసి తిరిగాడు. "చెప్పవయ్యా, ఫెల్టులో లోపమేంటి?"

"ఏం లేదు సార్."

"మరి అన్ని ఫోన్లెందుకు?"

మావాడు నావైపు చూశాడు. ఈసారి నా చేతిలో టీ గ్లాసు లేదు.

"మేడంతో మాట్లాడాలని సార్."

మేనేజరు చేతిలోని కళ్ళజోడు బల్ల మీద పెట్టాడు.

"పోయిన ఫెల్టు తప్పూ కంపెనీది కాదు సార్," అన్నాడు మళ్ళీ. ఆపితే బాగుణ్ణని నేను వాడి కాలు తొక్కాను, ఆపలేదు. "బాణం చూడకుండా ఎదురు వేశాను. మేడం రాకపోతే ఇదీ అలాగే వేసేవాణ్ణి."

మేనేజరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నా సర్వీసులో తేమ గురించి విన్నాను, మరకల గురించి విన్నాను. ఇది వినలేదు. కంప్లయింట్లన్నీ రద్దు చేయిస్తాను. ఫెల్టు ఉంటుంది. నువ్వు మాత్రం ఇక ఆ నంబరు ముట్టుకోకు. ముట్టుకున్నావో, ప్రెస్సు నుంచి తీసేసి గుజ్జు గోతుల దగ్గర వేస్తాను."

ఆమె తల వంచుకుని వింది. లేచి సంచి భుజాన వేసుకుంది. వాణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఇంటికి వచ్చేటప్పుడు వాడన్నాడు. నాకు మొదటిసారి వాడి మీద జాలేసింది.

అప్పట్నుంచి మావాడు వేరే మనిషైపోయాడు. రోజూ అందరికన్నా ముందెళ్ళి ఫెల్టు కడిగే నీళ్ళ జెట్లు ఒక్కొక్కటీ విప్పి శుభ్రం చేసేవాడు. గీత చూసేవాడు. చేత్తో తడిమేవాడు. వానలు వెళ్ళాయి, చలి వచ్చింది, ఆ ఫెల్టు నడుస్తూనే ఉంది. మా మిల్లులో అంత కాలం నడిచిన ఫెల్టు లేదు. మేనేజరు మురిసిపోయాడు. మావాడు చిక్కిపోయాడు.

ఒకరోజు నా భార్య అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అంది. "అది పోతే గానీ ఆ పిల్ల రాదంటారు. ఒక్క గాటు పెట్టి పారెయ్యరాదట్రా?"

ఉత్తినే అన్న మాటే. వాడు మాత్రం తినడం ఆపాడు.

"అది ఆవిడ పని అక్కా. నా చేత్తో ఎలా కోయను?"

నా భార్య వాడి కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. నేను మజ్జిగ అడుగుదామనుకుని మానేశాను.

ఎంత చూసుకున్నా అరిగేది అరగక మానదు. దాని రోజు వచ్చింది. మిషను ఆపి ఫెల్టు కోసి కింద పరిచాం. అంతలో తలుపు దగ్గర అదే హెల్మెట్, అదే సంచి. మా బామ్మర్ది చేతిలో స్పానరు జారి నా కాలి మీద పడింది. కంప్లయింట్ చేయలేదు నేను.

ఆమె ఎవరినీ పలకరించలేదు. పాత ఫెల్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో ఈ అంచు నుంచి ఆ అంచుకు నిమురుకుంటూ పోయింది. అంతటా ఒకేలా అరిగింది. ఎక్కడా గాటు లేదు, మురికి గట్టలేదు. నీలం గీత వెలిసిపోయినా తిన్నగానే ఉంది.

"ఎవరు చూసుకున్నారు దీన్ని?" అంది, తెలిసే.

"నేనే మేడం."

"ఇలా చూసుకుంటే నేను ఇక్కడికి ఎప్పటికొస్తాననుకున్నారు?"

"రోజూ అదే అనుకున్నానండీ."

ఆమె తల ఎత్తలేదు. "నా పని పోలేదు. ఈ ఫెల్టు గురించి మావాళ్ళు మిగతా మిల్లులకి చెప్పుకుంటున్నారు." నీలం గీత మీద వేలు పెట్టింది. "మీరు ఫోన్ చేసింది కంపెనీ నంబరుకి. నాకు సొంత నంబరు ఒకటుంది. ఇన్నాళ్ళలో అది అడగాలని తట్టలేదా?"

"ఇప్పుడడగొచ్చా?"

"ఇంకా అడగలేదు."

"అడుగుతున్నానండీ. దానికి చేస్తే కంప్లయింట్ కాదు కదా?"

"ఏం మాట్లాడతారో చూసి చెప్తాను."

నేను అక్కణ్ణుంచి వచ్చేశాను. నా డ్రయర్లు నాకున్నాయి.

పాత ఫెల్టు ముక్కలు ఇళ్ళకు తీసుకుపోవడం మా మిల్లులో మామూలే. నా భార్య ఎప్పట్నుంచో గుమ్మం ముందుకు ఒకటి కావాలంటోంది. ఈసారి అంచు ముక్క ఒకటి దొరికింది, తెచ్చి వేశాను.

ఆ తర్వాతి ఆదివారం ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. పిలిచింది నా భార్యే. వాడు వీధి చివరే ఎదురెళ్ళి సంచి అందుకుని వెనకాలే నడిచొచ్చాడు. గుమ్మం దగ్గర ఆమె టక్కున ఆగిపోయింది, కిందికి చూస్తూ.

"ఏమ్మా, తొక్కడానికి మనసొప్పట్లేదా?" అంది నా భార్య. "పరవాలేదు, రామ్మా."

"అది కాదక్కా." ఆమె వంగి ఆ ముక్కను రెండు చేతులా పట్టుకుని తిప్పి వేసింది. అప్పుడు చూశాను. నేను వేసినప్పుడు దాని మీద బాణం వీధివైపు చూస్తూ ఉంది. ఇప్పుడు ఇంట్లోకి చూస్తోంది.

"ఇలా ఉండాలి," అని, చెప్పులు విప్పి లోపలికొచ్చింది.