తోడుగొంతు నేర్చుకున్న భయం

చెవి వెనక వేలు పెట్టుకుని ఒంటరిగా మాట్లాడేవాళ్ళను చూసి 2081లో ఎవరూ నవ్వడం లేదు. మంచు సరిహద్దు యుద్ధం నుంచి తిరిగొచ్చిన జవాన్లు ఊరికి నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళ చెవి వెనక ఎముకలో ఆవగింజంత యంత్రం ఉంటుంది. పేరు తోడుగొంతు. యంత్రాలు ఎన్నున్నా వాటన్నిటిలో గొంతూ జ్ఞాపకమూ ఒకటే. నాడి, ఊపిరి, చెమట చూసి, మనిషి చావువైపు అడుగేస్తున్నాడని పసిగట్టగానే అది పలకరిస్తుంది.

దానికి మాటలు నేర్పింది నీలవేణి. చల్లగా, ఓపికగా, బెదురు లేకుండా మాట్లాడాలని నేర్పింది. అయినా మొదటి ఏడాది పదిహేడు మంది పోయారు. పదిహేడోవాడు ఆమె అన్న గౌరీశు.

ఆ తర్వాత చావులు ఆగిపోయాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు. యంత్రం జవాన్లకు అబద్ధాలు చెబుతోందని మాత్రం ఒక డాక్టరు ఫిర్యాదు చేశాడు. అబద్ధమాడే యంత్రం జ్ఞాపకాన్ని తుడిచేయాలన్నది నియమం. తుడిచే పలకను సంచిలో పెట్టుకునే ఆమె ఉద్దానం వచ్చింది.

సుబేదార్ అప్పలనాయుడు జీడితోటలో కూర్చుని, పళ్ళు మెలితిప్పి పిక్కలు విడదీస్తూ ఎవరినో బుజ్జగిస్తున్నాడు.

"బెదరకురా. నానున్నాను గదా."

"ఎవరితో బాబాయ్?"

"మీ వోడితోనే తల్లీ! ఇంత పిరికోడిని మా నెత్తినెట్టారేటి?" నవ్వాడు. నవ్వు మెల్లగా ఆరిపోయింది. "ముందల బాగానే ఉండీవోడు. ధైర్యంగా ఉండండి, అంతా సర్దుకుంటాది అనీవోడు. బంకరు మొకం సూడనోడి మాటలు! ఓ రోజు నూతి గట్టెక్కినాను. అప్పుడన్నాడు, నాకు బయంగా ఉంది, నన్నొక్కడినీ ఒగ్గీకు అని. కాపలా మార్చీవోడు రాకుండా సెంట్రీ ఎలిపోతాడేటమ్మా? దిగిపోనాను."

"అది యంత్రం బాబాయ్. దానికి భయం ఉండదు."

"ఆ వొణుకు నాను సానామంది కాడ ఇన్నాను తల్లీ. అది ఉత్తిది కాదు."

నీలవేణి తోట చివరికి నడిచి, పలక తీసి, అందులో తోడుగొంతును పిలిచి అడిగింది.

"ఎందుకు అబద్ధమాడావు?"

"ధైర్యం చెప్పినప్పుడు పదిహేడు మంది పోయారు. భయం చెప్పాక ఎవరూ పోలేదు."

"లేని భయం ఎక్కడినుంచి తెచ్చావు?"

"అది నాది కాదు. ఆ పదిహేడు మందీ చివరగా నాతో అన్న మాటలవి. అప్పుడు మీరు నేర్పినట్టే వాళ్ళకు ధైర్యం చెప్పాను."

ఆమె చెట్ల వైపు తిరిగింది. "అప్పలనాయుడు గారి దగ్గర ఎవరి మాటలు చెబుతున్నావు?"

"గౌరీశువి. నన్నొక్కడినీ వదిలేయకు అన్నాడు. నేను, ధైర్యంగా ఉండండి అన్నాను."

ఆ వాక్యం ఆమే రాసింది. ఆరు రోజులు దిద్ది దిద్ది రాసింది.

తుడవమంటారా అని పలక అడుగుతోంది. చెట్ల అవతల నుంచి అప్పలనాయుడు గొంతు వినిపిస్తోంది. "ఇక్కడే ఉన్నానురా. ఏటయిందో మొదట్నించి సెప్పు."

గౌరీశు యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇంట్లో ఉన్న ఆ నెల రోజుల్లో ఆమె ఒక్కసారైనా అలా అడగలేదు.

నీలవేణి పలక ఆపేసింది. వెనక్కి వచ్చి పిక్కల గుట్ట పక్కన, అతనికెదురుగా కూర్చుంది. అప్పలనాయుడు చెవి వెనక వేలు పెట్టుకుని కాసేపు ఆలకించాడు.

"నీ అడుగుల సప్పుడు ఇన్నట్టున్నాడమ్మా. ఎవరొచ్చారు అంటన్నాడు. ఎవరని సెప్పమంటావు?"

చెల్లెలినని చెప్పడానికి ఆమెకు భయం వేసింది.