ఎర్ర బల్బంటే భయపడిన మాస్టారు

ఆ స్టూడియోలో రెండో నంబరు హాలంటే అందరికీ హడలే. మెట్లు దిగి వెళ్ళాల్సిన సెల్లారు అది. కిటికీ లేదు. తలుపు మూస్తే ఎవరి గుండె చప్పుడు వాళ్ళకే వినిపిస్తుంది. పియానో మాస్టారు పోయినప్పటి నుంచీ, రాత్రి పదకొండు దాటితే అక్కడ పియానో దానంతటదే మోగుతోందని వాచ్‌మన్ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, జీతం కూడా తీసుకోకుండా పని మానేసి వెళ్ళిపోయాడు.

రికార్డిస్టు మాత్రం కొట్టిపారేశాడు. ముప్పై ఏళ్ళుగా హెడ్‌ఫోన్లు తగిలించుకుని బతికిన మనిషి. దెయ్యమైనా సరే, ఏ మైకులో పడిందో చెప్పమంటాడు.

పైగా అతని దిగులు వేరే. మాస్టారి ఆఖరి జాజ్ ఆల్బమ్‌లో ఏడు ట్యూన్లుండాలి. ఆరు అయ్యాయి. ఏడోది తర్వాత చూద్దామని ఇంటికెళ్ళిన ఆయన మళ్ళీ రాలేదు. తెల్లారేలోగా ఏడోది దొరక్కపోతే తన మేనల్లుడి చేత వాయించి, మాస్టారి పేరే వేసేస్తానన్నాడు ఓనరు. ఆ మేనల్లుడి వాయింపు రికార్డిస్టు విన్నాడు. అంట్లు తోముతున్నట్టు ఉంటుంది. మాస్టారి పేరు మీద అది బయటికొస్తుందంటే అతని ప్రాణం ఉసూరుమంది.

పాత టేపుల్లో ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా అని ఆ రాత్రి ఒక్కడే దిగాడు. పెట్టెలన్నీ గాలించాడు. లేదు.

పదకొండు దాటింది...

కంట్రోల్ రూం అద్దానికి అవతల, చీకటి హాల్లో — స్టూలు కిర్రుమంది.

తర్వాత పియానో మొదలైంది. రిహార్సల్లో విన్న ఏడో ట్యూనే. ఎడమచెయ్యి తన దారిన తను నడుస్తుంటే, కుడిచెయ్యి కాస్త ఆలస్యంగా వచ్చి కలుసుకోవడం... అచ్చం మాస్టారే. స్టూలు మీద మాత్రం ఎవరూ లేరు.

రికార్డిస్టుకి ఒళ్ళు జలదరించింది. చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ రికార్డు బటన్ మీదికి పోయింది. నొక్కాడు. రికార్డింగు మొదలైందని చెప్పే ఎర్ర బల్బు హాల్లో వెలిగింది.

పియానో ఆగిపోయింది.

ఆపాడు — మొదలైంది. నొక్కాడు — ఆగింది. నాలుగోసారికి అతనికి భయం పోయి చిరాకొచ్చింది. మాస్టారికి బతికుండగా ఉన్న జబ్బే ఇది. రిహార్సల్లో ఇరగదీసేవారు. ఎర్ర బల్బు వెలిగిందంటే వేళ్ళు కొయ్యబారిపోయేవి. ఆరు ట్యూన్లకి పదకొండు నెలలు పట్టింది అందుకే.

రికార్డిస్టు తలుపు తోసుకుని హాల్లోకి వెళ్ళాడు.

"చచ్చాక కూడా భయమేంటన్నయ్యా?" అని గొణిగాడు.

చెవి పక్కనే, చల్లగా...

"ఆఖరిది కదరా. ఇది చెడిపోతే ఇంక దిద్దుకోడానికి నేనుండను."

రికార్డిస్టుకి జాలేసింది. స్టూలు ఖాళీ లేదు కాబట్టి పక్క గదిలోంచి కుర్చీ తెచ్చి, దానిమీదెక్కి, ఎర్ర బల్బు విప్పి జేబులో వేసుకున్నాడు.

"ఆఖరిది కాదన్నయ్యా. ఇది ట్రయలే. అసలుది రేపు తీద్దాం."

ముప్పై ఏళ్ళలో ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం అదే. వెనక్కొచ్చి, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కాడు. టేపు తిరిగింది. పియానో ఆగలేదు... తొమ్మిది నిమిషాలు. అంత హాయిగా మాస్టారు వాయించడం అతనెప్పుడూ వినలేదు. ఆఖరి స్వరం సన్నగిల్లి అణిగేదాకా అలా ఏడుస్తూనే కూర్చున్నాడు.

పొద్దున్నే టేపు ఓనరు చేతిలో పెట్టాడు. ఓనరు విని, ఎక్కడ దొరికిందని కూడా అడగలేదు. మేనల్లుడికి పని తప్పింది.

కాపీ ఒకటి తీసుకుని రికార్డిస్టు మాస్టారి ఇంటికెళ్ళాడు. మాస్టారి భార్య ఏవో బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. రాత్రి సంగతి చెబితే ఆవిడేమైపోతుందోనని, పాత ట్రయల్ ఒకటి దొరికిందని చెప్పి వినిపించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"పాతది కాదులే," అంది మెల్లగా. "రాత్రి ఇంటికొచ్చి చెప్పారు మీ అన్నయ్య. ట్రయల్ బ్రహ్మాండంగా కుదిరిందట. అసలుది ఇవాళట."

రికార్డిస్టు చూపు ఇస్త్రీ బల్ల మీద పడింది. ఆవిడ చేతికింద ఉన్నది తెల్ల చొక్కా. రికార్డింగు రోజున మాత్రమే మాస్టారు తొడుక్కునేది.

"అయిపోయిందని మాత్రం ఆయనకి చెప్పకు మరిదీ," అంది ఆవిడ, కాలరు సర్దుతూ. "నీకు పుణ్యముంటుంది. ఇవాళ్టిది కూడా ట్రయలేనని చెప్పు... రేపటిది కూడా. చొక్కాదేముంది, రోజూ ఇస్త్రీ చేసి పెడతాను."