తాతగారి కౌంటర్లు

వాన తగ్గే సూచనలేమీ లేవు. ఆఫీసు పోర్టికో కింద చివరికి ఒక గొడుగూ, ఇద్దరు మనుషులూ మిగిలారు. గొడుగు అతనిది.

"మీరు బస్టాపు వైపేనా?" అని అడిగిందా అమ్మాయి. ఆ అడగడంలోనే, కాదన్నా సరే అటే నడవాలన్న ధోరణి ఉంది.

"అటేనండి" అన్నాడు. నిజానికి అతని స్కూటరు ఆఫీసు వెనక షెడ్డులో ఉంది.

గొడుగు చిన్నది. అతను దాన్ని ఆమె వైపు వంచి, తన ఎడమ భుజాన్ని వానకి వదిలేశాడు. ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా చూస్తుండగానే ఒంటికి అతుక్కుపోయింది.

"టెస్టింగులో ఈమధ్యే చేరాను" అంది ఆమె.

"ఎలా ఉందండి మా ఆఫీసు?"

"ఆఫీసు బానే ఉంది. ఆ తాతగారితోనే వేగలేక చస్తున్నా."

గొడుగు ఒక్కసారి పక్కకి ఒరిగింది. ఆమె నెత్తిన నాలుగు చుక్కలు పడ్డాయి.

"ఏ... ఏ తాతగారు?"

"కౌంటర్ల తాతగారు. వర్చువల్ మెషీన్లలో పెర్ఫార్మెన్స్ కౌంటర్ల కోడంతా ఆయనదేనట. అందరూ 'అది తాతగారి ఏరియా, జోలికెళ్ళకు' అంటారు. నేనో బగ్ రాశాను. 'పరీక్షించడమైనది. దోషం కనబడలేదు' అని మూసేశారు. మళ్ళీ తెరిచాను. మళ్ళీ అదే ముక్క రాసి మూశారు. రిటైరయ్యే వయసులో ఎందుకండీ అంత పంతం?"

అతనికింకా ముప్ఫై నిండలేదు. అప్పుడే కాలేజీ దాటి వచ్చిన ట్రెయినీలని కూడా 'మీరు' అంటాడని, టీ కప్పు కడిగి బోర్లిస్తాడని, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే టీమంతా కలిసి ఆ పేరు తగిలించారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాడు. నోరు మాత్రం ఇంకోటి అంది.

"మొండిమనిషై ఉంటాడండి."

"మొండా! ఆయన మనవల్ని తలుచుకుంటే జాలేస్తుంది."

"మనవలు లేరనుకుంటా."

"మీకు పరిచయమా?"

"అప్పుడప్పుడు కనిపిస్తుంటాడు" అన్నాడు, నీళ్ళు కారుతున్న ముఖం తుడుచుకుంటూ.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీలోంచి "మీరెక్కరా?" అని అరిచింది. "తర్వాతి బస్సండి" అని చెయ్యూపి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, స్కూటరు కోసం వానలో వెనక్కి నడిచాడు. తనని అంతసేపు తిట్టిన మనిషి గొంతు ఎందుకంత బాగుందో అతనికి అర్థం కాలేదు.

*

మర్నాడు పొద్దున మీటింగులో మేనేజరు ఇద్దరినీ పరిచయం చేశాడు.

"ఈవిడ టెస్టింగు. ఇతను కౌంటర్లు, మన తాతగారు."

ఆమె ముసలాయన కోసం తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. మెల్లగా తల తిప్పింది. ఎదురుగా కుర్చీలోంచి సగం లేచి, నమస్కారం పెట్టాలో చెయ్యి చాచాలో తేలక అవస్థ పడుతున్న మనిషి కనిపించాడు.

"గొడుగు!" అంది.

"వాన లేదుగా?" అన్నాడు మేనేజరు.

మీటింగు అయ్యాక వరండాలో పట్టుకుంది. "నిన్నంతా తీరిగ్గా విన్నారే!"

"మీరు సందివ్వలేదండి."

"పైగా మొండిమనిషని మీరే అన్నారు!"

"అది మాత్రం నిజమే చెప్పాను."

ఆమెకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "అయితే నా బగ్ తెరవండి."

"నా మెషీన్లో రావట్లేదండి. రాని బగ్గుని ఎలా ఒప్పుకోను?"

"నా మెషీన్లో వస్తుంది. మా ల్యాబు కింద అంతస్తులో. మోకాళ్ళ నొప్పులుంటే లిఫ్టు ఉంది, తాతగారూ."

అతను మెట్ల మీదుగానే దిగాడు. కావాలని గబగబా దిగాడు.

*

ల్యాబులో వరసగా మెషీన్లు, అద్దాల తలుపు, ఒక పాత టేబులు, రెండు స్టూళ్ళు ఉన్నాయి. ఒక్కో పెద్ద మెషీన్ లోపల బోలెడు వర్చువల్ మెషీన్లు కాపురముంటాయి. ప్రాసెసరు అంతా తనదేనని ప్రతిదీ అనుకుంటుంది. అసలుకి వంతులవారీగా వాడుకుంటాయి. ఎన్ని ఆదేశాలు నడిచాయి, మెమరీ కోసం ఎన్నిసార్లు ఆగాల్సి వచ్చింది అని లెక్కపెట్టే కౌంటర్లు ఆ ప్రాసెసరు లోపలే ఉంటాయి. ఒక మెషీన్ వంతు అయిపోగానే దాని లెక్క భద్రంగా దాచాలి. మళ్ళీ వంతు రాగానే తిరిగి పెట్టాలి. అది రీస్టార్ట్ అయితే సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఒకరి లెక్క ఇంకొకరికి అంటకూడదు, పాత లెక్క కొత్తదానికి అంటకూడదు. ఆ కోడ్ రాయడమే అతని ఉద్యోగం.

"మా నాన్న ఈత కోచ్" అంది ఆమె. "స్టాప్‌వాచ్ సున్నా చెయ్యకుండా రెండోవాణ్ణి నీళ్ళలోకి దూకించారనుకోండి. పాపం వాడెంత బాగా ఈదినా అందరికన్నా వెనకబడ్డట్టే కనిపిస్తాడు. మీ కౌంటర్లు చేస్తున్నది అదే. చూడండి."

వర్చువల్ మెషీన్ని రీస్టార్ట్ చేసింది. లేచాక దానికేమీ పని చెప్పలేదు. కౌంటరు మాత్రం తెర మీద చాంతాడంత అంకె చూపించింది.

"మీ ప్రోగ్రాం తప్పేమో" అన్నాడు.

"నా ప్రోగ్రామే లేదు. ఖాళీగా ఉంది."

"ఇంకోసారి చెయ్యండి."

ఇంకోసారి చేసింది. ఇంకా పెద్ద అంకె వచ్చింది. అతను స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

అక్కణ్ణించి రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే అతను కిందికి దిగడం అలవాటైంది. ఆమె బిస్కెట్లు తెచ్చేది. అతను కప్పులు కడిగేవాడు. "మీ చొక్కా ఇస్త్రీ ఎప్పుడూ నలగదా?" అని ఆమె అడిగేది. "మీ నోరు ఎప్పుడూ ఆగదా?" అని అడగాలనుకుని, "లేదండి" అనేవాడు. మధ్యలో పని కూడా జరిగేది.

ఆఖరికి ఒకరోజు ఆమె మామూలుగా ఒక ప్రశ్న వేసింది.

"మీరు రీసెట్ ఎలా చేస్తారు?"

"ముందు ఆపేస్తాను. తర్వాత బయట నుంచి రీసెట్ చేస్తాను."

"నేను ఆపను. అది నడుస్తుండగానే లోపల్నించి రీస్టార్ట్ చేస్తాను. మనుషులంతా అలాగే చేస్తారు."

బిస్కెట్ అతని చేతిలోంచి టీలో పడింది. తీసే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"సున్నా పెట్టాను" అన్నాడు నెమ్మదిగా. "దాచిన చోట పెట్టాను. కానీ మీరు రీస్టార్ట్ చేసేటప్పటికి లెక్క అక్కడ లేదు, ప్రాసెసరులో నడుస్తోంది. వంతు అయిపోగానే ఆ పాత లెక్కే వచ్చి నా సున్నా మీద కూర్చుంటోంది."

ఈ క్షణం కోసం ఆమె బోలెడు మాటలు సిద్ధం చేసుకుంది. కానీ అతని ముఖం చూశాక ఒక్కటీ గుర్తు రాలేదు.

"తప్పు నాదేనండి" అన్నాడు. "మిమ్మల్ని రెండుసార్లు వెనక్కి పంపాను. క్షమించండి."

"ముందు ఆ టీ పారబోయండి. వేరేది పోస్తాను" అంది ఆమె.

*

చిక్కు తర్వాతి మీటింగులో వచ్చింది. ఆ కౌంటర్ల కోసం ఒక వాతావరణ కేంద్రం ఎదురుచూస్తోంది. ఆ వారమే ఇస్తామని మేనేజరు మాటిచ్చాడు. ఆపైన పెద్ద సదస్సులో ఈ పని గురించి మాట్లాడే అవకాశం అతనికి వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అతను కోరుకున్నది అదొక్కటే.

"ఎప్పుడో గాని రాని బగ్" అన్నాడు మేనేజరు. "టెస్టు చేసిన పద్ధతి సరిగా లేదని రాసి మూసేద్దాం. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

ఆమె ముఖం ఎర్రబడింది. నోరు తెరవబోయింది. అంతకన్నా ముందు అతను లేచాడు. మీటింగుల్లో అతను లేచి మాట్లాడగా ఎవరూ చూడలేదు.

"పద్ధతి సరిగానే ఉందండి. ఆవిడ అంకెలు నిజం, నా కౌంటర్లే అబద్ధం చెబుతున్నాయి. వాతావరణ కేంద్రం వాళ్ళు వీటిని నమ్మి, శుభ్రంగా నడుస్తున్న ప్రోగ్రాముని నెమ్మదిగా ఉందనుకుని పీకి తిరగరాస్తారు. తుఫానొచ్చే కాలం ఇది. నేను ఇవ్వనండి."

"ఆలస్యమైతే సదస్సులో నీ చోటు ఇంకొకరికి పోతుంది."

"పోనివ్వండి."

బయటికొచ్చాక ఆమె వెనకాలే పరుగెత్తుకొచ్చింది. "ఎందుకలా చేశారు? నాకోసమా?"

"లేదండి" అన్నాడు కంగారుగా. "కౌంటర్ల కోసం."

"అలాగా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు బిస్కెట్లు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఏం చెప్పినా "సరే", "చేశాను", "అయింది" అని ముక్తసరిగా జవాబిచ్చేది. ల్యాబు అంత నిశ్శబ్దంగా ఉండటంతో అతనికి భయమేసింది. సాయంత్రం అక్కకి ఫోను చేశాడు.

"అక్కా, 'అలాగా' అంటే ఏంటి?"

"ఎవరన్నారు?"

"ఆఫీసులో ఒకరు."

"ఆడా, మగా?"

"అది అప్రస్తుతం."

అక్క అవతల బావని పిలవడం వినిపించింది. "ఏవండీ, మావాడు పడ్డాడు!" తర్వాత ఫోనులోకి వచ్చి, "ఒరేయ్, 'అలాగా' అంటే నువ్వు చెప్పాల్సింది చెప్పలేదని అర్థం. రేపు చెప్పు. అప్లికేషన్ రాసినట్టు కాదు, మనిషిలా చెప్పు" అంది.

*

మర్నాటికి కోడ్ సిద్ధమైంది. ముందు కౌంటర్లని ఆపాలి, ప్రాసెసరులో మిగిలిన పాత లెక్కని పారేయాలి, అప్పుడు దాచిన చోట సున్నా పెట్టాలి. వరస మారితే మళ్ళీ పాత కథే. లోపల్నించి రీస్టార్ట్ చేసి చూశారు, బయట నుంచి చేసి చూశారు, పక్కనే ఇంకో వర్చువల్ మెషీన్ని ఊపిరాడనంత పనిలో పెట్టి చూశారు. తెర మీద ప్రతిసారీ బుద్ధిగా సున్నాయే వచ్చింది.

ఆమె రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. అతనూ కేక పెట్టాడు. అంతలో ఇద్దరికీ తాము మాట్లాడుకోవట్లేదని గుర్తొచ్చింది.

"పెద్ద మెషీన్లన్నిటినీ పూర్తిగా ఆపి ఒకసారి చూస్తే అయిపోయినట్టే" అని ఆమె మెషీన్ల వెనక్కి వెళ్ళింది. అక్కడ ఫ్యాన్ల హోరు విమానం ఎగురుతున్నట్టుంది. అతనూ వెంట వెళ్ళాడు.

"మీతో ఒక మాట చెప్పాలండి!" అని అరిచాడు.

"ఏంటీ?"

"ఆ రోజు కౌంటర్ల కోసమే అన్నాను! అది సగం నిజం!"

"వినపడట్లేదు!" అంటూ ఆమె వరసంతటికీ కలిపి ఉన్న పవర్ బటన్ నొక్కి పట్టుకుంది.

అతను ఊపిరంతా కూడదీసుకున్నాడు. "మిగతా సగం," అని గొంతు చించుకునే సమయానికి ఫ్యాన్లన్నీ టక్కున ఆగిపోయాయి, "మీరంటే నాకు చచ్చేంత ఇష్టమండీ!"

ఆ నిశ్శబ్దంలో మాట గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. అద్దాల తలుపు అవతల టీ కప్పులతో వెళ్తున్న టీమంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మేనేజరు కూడా ఉన్నాడు.

ఆమె బటన్ మీద వేలు తియ్యలేదు. చెవుల దాకా ఎర్రబడింది. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"ఒక్కసారి జరిగితే ఎలా ఒప్పుకుంటాం, తాతగారూ? ఇంకోసారి చెప్పండి."

చెప్పాడు. ఈసారి మెల్లగా చెప్పాడు. అయినా తలుపు అవతల అందరికీ వినపడింది, ఎందుకంటే ఎవరూ కదల్లేదు.

"ఒప్పుకున్నాను" అంది ఆమె. "నిజానికి బస్సెక్కిన మర్నాడే ఒప్పుకునేదాన్ని, మీరు తాతగారు కాకుండా ఉంటే."

*

వాతావరణ కేంద్రానికి కౌంటర్లు కాస్త ఆలస్యంగా అందాయి. తప్పు ఇదీ అని ముందే చెప్పినందుకు వాళ్ళు మేనేజరుకే ధన్యవాదాలు చెప్పారు, మేనేజరేమో అదంతా తన ఆలోచనే అన్నట్టు తలూపాడు. సదస్సులో ఇంకెవరో మాట్లాడారు. ఆ రోజు తాతగారికి ఆ సంగతే గుర్తులేదు, ఎందుకంటే ఆ రోజు ఆమె నాన్నగారి ఎదుట నిలబడి ఉన్నాడు.

ఈత కొలను గట్టున, మెడలో ఈల, చేతులు కట్టుకుని, ఆయన అతన్ని నఖశిఖపర్యంతం చూశాడు. పక్కనే కూతురు అమాయకంగా ఆకాశం చూస్తోంది.

"ఉద్యోగం సంగతి అమ్మాయి చెప్పింది. గుణం సంగతీ చెప్పింది. ఈత వచ్చా?"

"రాదండి."

"నా కూతురు నడక కన్నా ముందు ఈత నేర్చుకుంది. ఈత రానివాడికి పిల్లనెలా ఇస్తానయ్యా?"

"నేర్చుకుంటానండి."

"ఎప్పుడు?"

అతను వాచీ తీసి ఆమె చేతికిచ్చాడు.

కాసేపటికి, మోకాళ్ళ ఎత్తు పిల్లలు చేపల్లా తిరుగుతున్న లోతు లేని నీళ్ళలో, గోడని కావలించుకుని నిలబడ్డాడు. పిల్లలు నీళ్ళు చల్లి నవ్వుతున్నారు. ఆమె గట్టు మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో ఆడిస్తూ, "భయమేస్తే చెప్పు, చెయ్యిస్తాను" అంది. ఆమె 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

"భయమేం లేదండి" అన్నాడు. గోడని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

ఆయన అవతలి గట్టు నుంచి ఈల ఊదాడు. పిల్లలంతా ఠక్కున ఆగి చూశారు.

"ఎంతసేపయ్యా ఆ గోడతో కబుర్లు? వదలవోయ్ అల్లుడూ!"

ఆ చివరి మాట చెవిన పడగానే, అతని చేతులు వాటంతటవే గోడని వదిలేశాయి.