ముసలి డీబగ్గర్ కంట పడనిది

"మూడింటికి కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి," అన్నారు చీఫ్ జక్రయ్య ఫోన్‌లో. "చాంబర్లో ఆడవాళ్లు టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, సర్దుతున్నారు. వాళ్లను బయటికి పంపామా, ఈ కుట్ర పన్నిన విదేశీ ముఠా కెమెరాలో చూసి అప్పుడే బటన్ నొక్కేస్తుంది."

"కంట్రోల్ సిస్టమ్‌లో తప్పుడు కోడ్ పట్టే డీబగ్గర్ ఉందిగా సార్?"

"ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు వచ్చిన ముసలిది. ఎవరూ మార్చలేదు. దాని చూపు ఆనని చోటే కోడ్ దాచారు. అడిగితే 'అంతా బాగుంది' అంటుంది. దాన్ని పీకి కొత్తది పెట్టాలి. ఆ పనికి మన ఏజెంట్ క్రిస్టీనా మంగళగిరి నుంచి వస్తోంది. కొత్తది ఆమె చేతికివ్వు."

చిలకలూరిపేట రోడ్డు మీది కోల్డ్ స్టోరేజీలోకి ఏజెంట్ నతానియేలు మిర్చి వ్యాపారి వేషంలో అడుగుపెట్టాడు. భుజాన కండువా, చేతిలో తేమ మీటర్. మీటర్ కడుపులో కొత్త డీబగ్గరున్న పెన్‌డ్రైవ్.

కంట్రోల్ రూమ్ వరండాలో శాంపిల్ మిరపకాయల రాశి పక్కన నల్ల కళ్లద్దాల సుందరి నిలబడి ఉంది.

"తేజా మిర్చి దొరుకుతుందా?" అడిగాడు నతానియేలు.

"తొడిమ తీసిందే ఇస్తాం."

సంకేతం కలిసింది.

"ఇప్పుడే కారు దిగానండి. ఏం ఘాటు బాబూ," అంటూ క్రిస్టీనా కళ్లద్దాలు తీసి, కారుతున్న కన్నీళ్లను మోచేతి మడతతో తుడుచుకుంది. "ఇలా ఇవ్వండి."

నతానియేలు చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడు కల్లాల్లో కాయలేరినవాడు. మిర్చి ముట్టినవాళ్లే వేళ్లు కంటికి తగలకుండా అలా తుడుచుకుంటారు. ఇప్పుడే కారు దిగిన మనిషి మిర్చి ఎప్పుడు ముట్టింది?

"ఒకసారి వేళ్లు చూపించండి మేడం."

వేళ్లకు బదులు పిస్టల్ కనబడింది. అతను కండువా దాని మీదికి విసిరి మణికట్టు మెలిపెట్టాడు. పిస్టల్ కాయల రాశిలో కూరుకుపోయింది. రాశిలో చెయ్యి దూర్చి దాన్ని అందుకున్నాడు.

అలికిడికి కూలీల మేస్త్రి జయకుమారి వచ్చింది. "ఈవిడా? పొద్దున్నించీ మా టిక్కీల మధ్య చిన్న కెమెరాలేవో కుక్కుతానే ఉందయ్యా. ఆఫీసరమ్మేమో అనుకున్నా."

"విదేశీ ముఠాకు అమ్ముడుపోయిన ఈ ఆఫీసరమ్మని గోనెతాడుతో కట్టెయ్, పిన్నీ."

మూడు కావస్తోంది. కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. 'పాత టూల్ వాడుకలో ఉంది. తొలగించడం కుదరదు' అంది తెర.

వాడుతున్నదెవరు? అతని చూపు తెర అడుగుకు వెళ్లింది. క్రిస్టీనా పొద్దున తెరిచి, కనబడకుండా కిందికి దించేసిన విండో ఒకటి అక్కడ నక్కి ఉంది. మూసేశాడు. 'అంతా బాగుంది' అంటూనే ముసలి డీబగ్గర్ మాయమైంది. కొత్తది కళ్లు తెరిచింది. అంతవరకూ కనబడని ఒక ప్రోగ్రామ్ ఎర్రగా వెలిగింది. గోడ గడియారం మూడు కొట్టబోతుండగా దాని పీక నొక్కాడు.

గంట మోగింది. వాల్వులు కదల్లేదు. చాంబర్లో ఎవరో పకపకా నవ్వుతున్నారు.

నతానియేలు ముఖం తుడుచుకుని ఫోన్ చేశాడు. "అయిపోయింది సార్."

"గొంతేంటి అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"లేదు సార్. అరచేత్తో కళ్లు తుడుచుకున్నాను."