చరిత్ర పాఠానికి ఊ కొట్టిందెవరు?

యూనివర్సిటీలో మెట్ల కింద ఒక గది ఉండేది. చీకటి పడితే అటువైపు ఎవరూ పోయేవారు కాదు. ఊడ్చే ఆవిడ చీపురు గుమ్మంలోనే వదిలేసి వచ్చేసేదట. గొంతు జబ్బుతో మాట పడిపోయి, పోయేదాకా "ఊఁ" తప్ప ఇంకేమీ అనలేకపోయిన ఒక పాత మాస్టారు అక్కడే తిరుగుతున్నాడని చెప్పుకునేవారు.

అలాంటి గదిని... పాఠాలు రికార్డు చెయ్యడానికిచ్చారు!

బయటి చప్పుడు వినపడని గది అదొక్కటే మరి. గోడలకి మెత్తలు కొట్టి, మైకు పెట్టి, క్లాసుల్లో పాఠాలూ సభల్లో ఉపన్యాసాలూ పాడ్‌కాస్టుగా వదలడం మొదలుపెట్టారు. ఫీజు లేదు, పరీక్ష లేదు. ఫోనున్న వాళ్ళెవరైనా ఊరికే వినొచ్చు.

అందరికంటే ఎక్కువమంది విన్నది చరిత్ర మేడం పాఠాలు. అందరికంటే తక్కువమంది విన్నది లెక్కల మాస్టారివి. చిక్కేమిటంటే, వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు.

మాస్టారు చెడ్డవాడేం కాదు. కానీ కడుపులో మంట ఎవరి మాట వింటుంది? బస్సెక్కితే కండక్టరు, "మేడం గారి తాలూకా కదూ, ఇలా కూర్చోండి" అంటూ సీటు చూపించేవాడు. ఏళ్ళ తరబడి సుద్దముక్కలు అరగదీస్తే, ఆఖరికి మిగిలింది ఆవిడ తాలూకా అన్న పేరు!

ఒకరోజు మంగలి మాస్టారి గడ్డానికి నురగ రాసి, ఫోన్లో ఆవిడ పాఠమే పెట్టాడు.

"మేడం గారు చెబుతుంటే రాజులొచ్చి మన వీధిలోనే కొట్టుకుంటున్నట్టు ఉంటుందండీ." అని, కత్తి ఆపి అడిగాడు. "అవునూ... మధ్యలో ఊఁ అనేదెవరు సార్?"

మాస్టారు చెవులు రిక్కించాడు.

కోట తలుపులు మూసేశారు, లోపల నీళ్ళు అయిపోయాయి... ఆవిడ గొంతు ఒక్క క్షణం ఆగింది.

"ఊఁ..."

మగగొంతు! బరువుగా... తీరుబడిగా... ఎంతో చనువుగా.

మాస్టారు సగం గడ్డంతోనే లేచి, నేరుగా యూనివర్సిటీకి వచ్చి గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగాడు.

"ఆ గది సంగతి మీకు తెలియనిదేముందండీ," అన్నాడు వాచ్‌మన్, అటూ ఇటూ చూసి. "ఆ పాత మాస్టారే. మేడం గారి పాఠమంటే ఆయనకి ప్రాణం. మీ పాఠాల్లో ఎప్పుడూ పలకలేదు కదండీ?"

పలకలేదు. అంటే, చచ్చినవాడు కూడా తన పాఠం వినలేదన్నమాట!

ఆ దిగులు తీరకముందే ఇంకో ఆలోచన చీమలా చెవిలో దూరింది. దెయ్యమైతే సరే... మనిషైతే?

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. ఆవిడ నవ్వితే ఎవణ్ణి తలుచుకుని అనిపించేది. ఫోను మోగితే వాడేనేమో అనిపించేది. రాత్రి ఆవిడ మంచం మీద కూర్చుని మెల్లగా పాఠం చెప్పుకుంటుంటే, ఈయన గోడవైపు తిరిగి, పళ్ళు నూరుకుంటూనే నిద్రలోకి జారిపోయేవాడు.

ఒక సాయంత్రం ఆవిడ, "రికార్డింగ్ గదిలో పనుంది. మీరు తినేసి పడుకోండి," అని వెళ్ళింది.

ఆయన తిననూ లేదు, పడుకోనూ లేదు.

యూనివర్సిటీ వరండాలో నరపురుగు లేదు. మెట్ల కింద ఆ తలుపు... ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి ఆవిడ గొంతు, ఎంతో లోగొంతుకతో—

"అప్పుడు రాణి దివిటీ ఆర్పేసింది..."

"ఊఁ..."

దొరికావురా! ఒక్క తోపు తోశాడు.

చీకటి. కుర్చీలో ఎవరూ లేరు.

"చీకట్లో ఒక్కతే మెట్లు దిగింది..." చెవి పక్కనే ఆవిడ గొంతు.

"ఊఁ..."

మాస్టారు "ఎ... ఎవరు?" అనబోయాడు. అప్పుడే వెనకనుంచి ఒక చెయ్యి—చల్లగా, తడిగా—భుజం మీద పడింది.

కెవ్వుమన్నాడు.

"ఏమండీ! నేనండీ!"

ఆవిడ గోడ మీద స్విచ్చు చరిచింది. లైటు వెలిగింది. "ఇది మాటిమాటికీ ఆరిపోతుంది. నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళాను, ఇంతలోకే... మీరేంటి ఇక్కడ?"

బల్ల మీద, తెర ఆరిపోయిన కంప్యూటర్లో పాఠం దాని దారిన అది నడుస్తూనే ఉంది.

"ఎవడు వాడు?" అన్నాడు మాస్టారు.

"వినేవాళ్ళు భయపడుతున్నారట. ఆ ఊఁలన్నీ కత్తిరించమని ఆఫీసులో..."

"ఎవడని అడుగుతున్నా!"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. పాఠాన్ని చివరికి జరిపింది.

"ఊఁ... ఊఁ... ఊ..." ఆ వెంటనే గుర్రుమని గురక.

మాస్టారు నోరు తెరిచాడు.

"ఎదురుగా ఒక్కరైనా ఊఁ అనకపోతే నాకు మాట సాగదండీ. ఈ గోడలకి చెప్పలేక రికార్డరు ఇంటికి తెచ్చుకుని దిండు పక్కన పెట్టుకున్నాను. మీరు నిద్రలో ఊ కొడతారు. పెళ్ళైనప్పట్నుంచీ అంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ రాత్రి నుంచే నోరు బిగించుకుని పడుకునేవారు కారూ?"

ఆ మాట నిజమని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ కుర్చీలో కూర్చుని మౌసు పట్టుకుంది. "సరే, కత్తిరించేస్తాను."

మాస్టారికి కండక్టరు గుర్తొచ్చాడు. మంగలి గుర్తొచ్చాడు. ముక్కూ మొహం తెలియని అంతమంది...

"ఉంచు," అన్నాడు.

"ఎందుకు?"

"ఎంతమందైనా విననీ. ఊ కొట్టేది మొగుడేనని మొదట్లోనే చెప్పెయ్."

ఆవిడకి నవ్వు ఆగలేదు. "గురక కూడా ఉంచమంటారా?"

మాస్టారు తలుపు దాకా వెళ్ళి, అటు తిరిగే అన్నాడు:

"అది... తీసెయ్."